ముందు బండి కిందికి దూరి చూడు

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి దగ్గర పల్లె. తిరుపతిలో ఉద్యోగం. 2022లో మహీంద్రా థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ హార్డ్‌టాప్ కొన్నా, 18 ఇంచుల రిమ్ములు. వారానికి రెండుసార్లు మామిడితోపుకు పోతా. తోపు బాట రెండు కిలోమీటర్లు. దాంట్లో బండి కింద తగుల్తా ఉంది, వాన పడితే ఎర్రమన్నులో జారతా ఉంది. చెన్నైలో ఒక షాపువాళ్లు బండిని ఎత్తు లేపే 3 ఇంచుల లిఫ్టు కిట్టు, 33 ఇంచుల మడ్ టైర్లు వేస్తే ట్యాంకు మాదిరి పోతుందన్నారు. రెండు లక్షల పైన అవుతుంది. నెలకొకసారి అమ్మానాయన్ని కొండకు తీసుకుపోతా, నాయనకు మోకాళ్ల నొప్పులు. తలకోన పక్క అడవిలో కూడా తిరగాలని ఆశ. వేయించనా, వద్దా? (చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా. 3 ఇంచుల లిఫ్టు వద్దు, 33 ఇంచుల టైర్లూ వద్దు. ఎందుకు వద్దో కూడా చెప్తా. కారణం తెలియకపోతే ఆ షాపువాళ్లు ఇంకో ఫోటో పంపగానే నీ మనసు మళ్లీ అటే లాగుతుంది. ఒకప్పుడు నాకూ అలాగే లాగింది, ఆ కథ కింద చెప్తా.

నీ ఉత్తరంలో "కింద తగుల్తా ఉంది" అన్న దగ్గర ఆగిపోయాను. ఏం తగులుతోంది? అది రాయలేదు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి దడేల్‌మని శబ్దం వినిపిస్తుంది, గుండె జల్లుమంటుంది, అంతే. ఆ శబ్దం సైడు ఫుట్‌స్టెప్పుదా, ముందు గార్డుదా, వెనక ఇరుసుదా అన్నది తెలియకుండా రెండు లక్షలు పెట్టడమంటే నొప్పి ఎక్కడో చెప్పకుండా ఆపరేషన్ చేయించుకోవడమే.

వచ్చే ఆదివారం ఈ పని చెయ్యి. గోడకు వేసే సున్నం ఒక డబ్బాలో చిక్కగా కలుపుకో, పాత బ్రష్షు ఒకటి తీసుకో. బండిని గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కిందికి దూరు. వెనక ఇరుసు నడుమ కుండలా వేలాడుతూ కనిపించేది డిఫరెన్షియల్, మలుపులో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె. దాని అడుగున సున్నం పూయి. వెనక షాకప్‌లు ఇరుసుకు బిగించే కింది బ్రాకెట్లకు, ముందు ఇంజను కింది గార్డుకు, రెండు పక్కలా ఫుట్‌స్టెప్పుల అడుగుకు, బండికి టో హుక్కు వేయించి ఉంటే దానికీ పూయి. ఆరాక మామూలుగా తోపుకు పోయిరా. సున్నం ఎక్కడ గీరుకుపోయి ఇనుము తేలిందో అదే నీ జబ్బు.

నా అనుమానం మాత్రం వెనక డిఫరెన్షియల్ మీదే. మామిడి కాయలు దించే కాలంలో ఆ బాటలో ట్రాక్టర్లు తిరుగుతాయి కదా. ట్రాక్టరు పెద్ద చక్రాలు రెండు పక్కలా లోతుగా తొక్కుతాయి, నడుమ మన్ను గెనిమ (గట్టు) మాదిరి మిగిలిపోతుంది. వాన వెలిశాక అది ఎండి రాయిలా గట్టిపడుతుంది. నీ బండి చక్రాలు ఆ గాడిలోకి దిగగానే నడుమ గెనిమ నేరుగా పోయి తగిలేది ఆ కుండకే.

అక్కడే లిఫ్టు కిట్టు చేతులెత్తేస్తుంది. లిఫ్టు లేపేది స్ప్రింగుకు పైన ఉన్నవాటిని. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ పైకి పోతాయి. స్ప్రింగుకు కింద ఉన్న వెనక ఇరుసు, దాని నడుమ డిఫరెన్షియల్ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. కొత్త థార్‌లో ముందు చక్రాలు దేనికవి విడివిడిగా ఆడతాయి, వెనక మాత్రం ఒకే గట్టి ఇరుసు. ఆ ఇరుసు నేల మీద చక్రాలతో పాటే కూర్చుని ఉంటుంది. 3 ఇంచులు లేపు, 6 ఇంచులు లేపు, గెనిమకూ దానికీ మధ్య దూరం వెంట్రుక వాసి కూడా పెరగదు.

ఇరుసును లేపేది టైరొక్కటే. అదీ పెరిగిన దాంట్లో సగమే. నీ టైరు సైజు 255/65 ఆర్18. 255 మిల్లీమీటర్ల వెడల్పు, దాంట్లో 65 శాతం పక్కగోడ ఎత్తు, అంటే దాదాపు 166 మిల్లీమీటర్లు. పైన ఒక పక్కగోడ, కింద ఒకటి, నడుమ 18 ఇంచుల రిమ్ము కలిపితే టైరు మొత్తం ఎత్తు 789 మిల్లీమీటర్లు. షాపువాళ్లు 33 ఇంచులు అంటున్నది 17 ఇంచుల రిమ్ము మీద 285/70 అనుకుందాం. అది 831. తేడా 42. ఇరుసు ఉండేది చక్రం నడుమన కాబట్టి కింద నీకు దొరికేది 21 మిల్లీమీటర్లు. ఒక ఇంచు కూడా కాదు తమ్ముడూ. రెండు లక్షలు పెట్టి ఆ గెనిమకు ముక్కాలు ఇంచు పైన పోతావు.

జేసీబీని పిలిచి ఆ రెండు కిలోమీటర్ల బాటలో నడుమ గెనిమను గీకించి, రెండు మలుపుల దగ్గర రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించుకుంటే ఎంతవుతుందో ఊళ్లో అడుగు. పక్క తోపుల వాళ్లను కూడా కలుపుకుంటే నీ వాటా ఇంకా తగ్గుతుంది. నవ్వుకున్నా పర్వాలేదు. బండి డాక్టరు రోడ్డుకు వైద్యం చెబుతున్నాడేమిటని అనుకున్నా పర్వాలేదు. నీ సమస్యకు అన్నిటికన్నా చౌకైన లిఫ్టు కిట్టు అదే.

సున్నం గీరింది డిఫరెన్షియల్ దగ్గర కాకుండా ఫుట్‌స్టెప్పు దగ్గరైతే కథ వేరు. అప్పుడు ఆ రేకు స్టెప్పు తీసేసి, ఛాసిస్‌కు బిగించే గట్టి పైపు స్లైడరు వేయించు. తగిలినా జారిపోతుంది, డోరు కింది అంచు నలగదు. ఎలాగూ నాయన కాలు పెట్టి ఎక్కడానికి పక్కన ఒక పైపు ఉండాలి. టో హుక్కు తగులుతుంటే ఒక స్పానరుతో పోయే పని.

ఇక జారడం సంగతి. ఎత్తుకూ జారడానికీ సంబంధం లేదు. మన పక్క ఎర్రమన్ను తడిస్తే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, చెప్పుకు అంటుకుంటే చెప్పు రెండు కిలోలవుతుంది. టైరుకూ అంతే. రెండు చుట్లు తిరిగేసరికి గాళ్లు మన్నుతో పూడిపోయి టైరు నున్నటి గుండులా అయిపోతుంది. మడ్ టైరుకు గాళ్లు వెడల్పు, తిరుగుతుంటే మన్నును విసిరి పారేస్తుంది. ఆ మేరకు షాపువాళ్లు చెప్పింది నిజమే. కానీ నువ్వు వారంలో ఆరు రోజులు తిరిగేది తిరుపతి తారు రోడ్ల మీద. మడ్ టైరు తారు మీద హోరుమంటుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే ఆలస్యంగా ఆగుతుంది, మన ఎండల్లో గబగబా అరుగుతుంది. వారానికి నాలుగు కిలోమీటర్లో ఎనిమిదో బురద కోసం మిగతా రోజులన్నీ దాన్ని భరించాలా?

నీ బండితో కంపెనీ ఇచ్చినవి ఆల్ టెర్రైన్ టైర్లే, అంటే తారుకూ మన్ను బాటకూ రెండింటికీ పనికొచ్చేవి. 2022 బండి కాబట్టి సగానికి పైగా అరిగి ఉంటాయి. ఒక రూపాయి బిళ్ల గాడిలో పెట్టి కొత్త స్టెప్నీతో పోల్చి చూడు, నీకే తెలుస్తుంది. చాలామంది "జారుతోంది" అనేది అరిగిన టైరు గురించే. అదే సైజులో, గాళ్లు కాస్త వెడల్పుగా, భుజాల దగ్గర పళ్లు గట్టిగా ఉన్న ఆల్ టెర్రైన్ టైర్లు వేయించు. పక్కగోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి. 3224 అని ఉంటే 2024లో 32వ వారంలో తయారైందని అర్థం. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న సరుకు అంటగడితే తీసుకోకు.

టైరు కన్నా ముందు గాలి సంగతి చూడు. డోరు దగ్గర స్టిక్కరు మీద రాసిన గాలి తారు రోడ్డుకు. తోపు బాట మొదట్లో బండి ఆపి, నాలుగు చక్రాలకూ 20 పౌండ్లకు దించు. టైరు ముందుకూ వెనక్కూ పొడుగ్గా పరుచుకుంటుంది, పట్టు ఎంత మారుతుందో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. అలా దించినప్పుడు 20, 25 కిలోమీటర్ల వేగం దాటకు, స్టీరింగు ఒక్కసారిగా విరవకు. తిరిగి తారు ఎక్కేముందు గాలి కొట్టుకోవాల్సిందే. దానికి బండి బ్యాటరీ మీద నడిచే మంచి కంప్రెసర్ ఒకటి, నమ్మకమైన గేజీ ఒకటి కొను. నీ రెండు లక్షల్లో అన్నిటికన్నా బాగా పనికొచ్చే ఖర్చు అదే. ఇంకొకటి, ఆ బురద రాకముందే ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తి పోయే గేరు) వేసుకో, ఇరుక్కున్నాక కాదు. తారు మీదికి రాగానే తీసెయ్. నీ బండికి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ డిఫరెన్షియల్ లేదు, గట్టి రోడ్డు మీద ఫోర్ హైలో మలుపులు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి.

ఇప్పుడు నాయన. లిఫ్టు 76 మిల్లీమీటర్లు, టైరు 21, కలిపితే 97. అంటే నాయన కాలు ఇప్పుడు ఎత్తేదానికంటే దాదాపు నాలుగు ఇంచులు ఎక్కువ ఎత్తాలి. ఇంటి మెట్టులో సగానికి పైనే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. అలిపిరి దగ్గర తనిఖీకి అందరినీ దింపుతారు కదా, అక్కడ ఆయన డోరు పట్టుకుని కాలు గాల్లో వెతుక్కోవడం ఊహించుకో. నిజం చెప్పాలంటే నాకు ఈ ఒక్క కారణం చాలు.

కొండ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఎక్కేటప్పుడు 1974లో వచ్చిన రెండో రోడ్డు, విశాలం, ఇబ్బంది లేదు. దిగేది 1944 నాటి పాత రోడ్డు. మలుపు మీద మలుపు, ఒకవైపు బండ, ఒకవైపు పిట్టగోడ. బండి బరువు పైకి పోయే కొద్దీ ప్రతి మలుపులోనూ పక్కకు వాలడం ఎక్కువవుతుంది. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి. జారకుండా, పల్టీ కొట్టకుండా కాపాడే ఈఎస్‌పీ కూడా కంపెనీ పెట్టిన ఎత్తుకు, కంపెనీ ఇచ్చిన టైరుకు లెక్క వేసుకున్నదే. స్పీడోమీటరు సంగతి సరేసరి. 33 ఇంచుల టైరు వేస్తే అది 80 చూపించేటప్పుడు నువ్వు పోతున్నది 84 పైన.

ఇందాక నా కథ అన్నాను కదా. పదిహేనేళ్ల కిందట నా దగ్గర ఒక పాత జీపు ఉండేది, ముందూ వెనకా కమాన్ కట్టలది. ఒక షాపులో కట్టల చివర వాటిని ఛాసిస్‌కు తగిలించే షాకిల్స్ తీసి పొడుగువి వేశారు, పెద్ద టైర్లు తగిలించారు. ఒక పూటలో పని అయిపోయింది, చూడ్డానికి బ్రహ్మాండం. ఊళ్లో పిల్లలంతా చుట్టూ చేరారు. మొదటిసారి కొండ నుంచి దిగుతూ ఒక మలుపు దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగు నా చేతుల్లో జల్లెడలా ఊగింది. వదిలేస్తే ఎటు పోతుందో, పట్టుకుంటే మణికట్టు విరుగుతుందో తెలియని పరిస్థితి. పక్కన కూర్చున్న మా ఆవిడ గోవిందా గోవిందా అంటోంది, అది భక్తితో కాదు. ఎలాగో పక్కకు ఆపాను. మర్నాడు చిత్తూరులో ఒక ముసలి మెకానిక్ కింద పడుకుని చూసి, "నాయనా, బండి లేపినోళ్లు చక్రాల వాలు చూడలా" అన్నాడు. ముందు ఇరుసు కొద్దిగా తిరిగిపోయి, చక్రాలు తమంతట తాము నేరుగా నిలబడే గుణం పోయింది. కట్టకూ ఇరుసుకూ మధ్య వాలుగా కోసిన ఇనుప పలకలు పెట్టి సరిచేశాడు. ఆ పలకలు వందల్లోనే అయ్యాయి. అవి వేయాలన్న సంగతే ఆ షాపువాడికి తెలియదు.

నీ బండికి కట్టలు లేవు, కాబట్టి జబ్బు వేరేగా వస్తుంది. ముందు స్ప్రింగు పైన దిమ్మ పెట్టి 3 ఇంచులు లేపితే చక్రానికి శక్తినిచ్చే యాక్సిల్ బాగా వాలుగా పని చేయాలి. దాని జాయింటు మీద ఒత్తిడి, రబ్బరు బూటు మడతల దగ్గర చీలిక. చీలిందంటే గ్రీజు బయటికి, ఎర్రమన్ను లోపలికి. చక్రం కిందికి వేలాడే దూరం కూడా తగ్గిపోతుంది. గుంతలో చక్రం దిగాల్సిన చోట దిగలేక గాల్లో ఉండిపోతుంది, పైన ఠక్కుమని కొడుతుంది. అంటే బురద బాటలో లిఫ్టు చేయించిన బండే ముందు పట్టు వదిలేస్తుంది. వెనక ఇరుసును పక్కలకు పోకుండా పట్టే అడ్డ రాడ్డు బండి లేచేసరికి ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. వెనక నుంచి చూస్తే ఒక చక్రం బయటికి, ఒకటి లోపలికి కనిపించే లిఫ్టు బండ్లు బెంగళూరు హైవే మీద బోలెడు. అవన్నీ ఆ రాడ్డు మార్చని బండ్లే.

చట్టం విషయం తొందరగా చెప్పేస్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అన్నారు. దానికన్నా టెన్షన్ పెట్టేది ఇన్సూరెన్సు. రేపు ఏదైనా జరిగితే సర్వేయరు మొదట ఫోటో తీసేది ఆ లిఫ్టునే. అందుకే టైరు కూడా కంపెనీ సైజే అంటున్నా. మెత్తటి పక్కగోడ ఇంకా కావాలనుకుంటే థార్ కింది వేరియంట్లకు కంపెనీయే ఇచ్చిన 245/75 ఆర్16 ఉంది. పక్కగోడ 184 మిల్లీమీటర్లు, గాలి దించి నడపడానికి హాయిగా ఉంటుంది. మొత్తం ఎత్తు మాత్రం 774, అంటే ఇరుసు కింద 7 మిల్లీమీటర్లు పోతాయి. గెనిమ గీకించాక ఆ 7 నీకు గుర్తు కూడా ఉండవు. అది వేస్తే రిమ్ములు కూడా మార్చాలి, ముందే ఇన్సూరెన్సు వాళ్లకు ఒక మెయిలు పెట్టి జవాబు దాచుకో.

టైర్లు ఎప్పుడు కొన్నా ఐదు కొను, నాలుగు కాదు. షాపువాళ్లు కొటేషన్‌లో నాలుగే రాసి ఉంటారు చూడు. స్టెప్నీ ఒక సైజు, మిగతావి ఒక సైజు అయితే, పంక్చరైన రోజు ఫోర్ వీల్ వేయడానికి ఉండదు. పెద్దవైతే వెనక డోరు బంధాల మీద కూడా బరువు పడుతుంది.

తలకోన ఆశ గురించి. జలపాతం దగ్గరిదాకా రోడ్డుంది, కుటుంబంతో పోయిరా. బాట వదిలి అడవిలోకి మాత్రం వద్దు. అది శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు కూడా. అనుమతి లేకుండా చక్రం పెట్టినా కేసే. పైగా అది ఎర్రచందనం అడవి. భాకరాపేట వైపో మామండూరు వైపో అర్ధరాత్రి పెద్ద టైర్లు, లేపిన బండి, వెనక ఖాళీ జాగా కనిపిస్తే టాస్క్‌ఫోర్సు వాళ్లు నీ హాబీ గురించి అడుగుతారనుకుంటున్నావా? నేర్చుకోవాలంటే నీ తోపే ఉంది. అనుమతితో ఎవరి పట్టా భూమిలోనైనా నేర్చుకో.

నవంబరు వస్తోంది కాబట్టి వాగుల గురించి ఒక్క మాట. 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. నీ బండి 650 మిల్లీమీటర్ల నీళ్ల దాకా పోతుందని కంపెనీ చెప్పింది నిలకడ నీళ్లకు. ఎర్రగా సుడి తిరుగుతూ పారే నీళ్లకు ఆ లెక్క వర్తించదు. లోతు నీళ్లు దాటాల్సి వచ్చి దాటావనుకో, తర్వాత వెనక డిఫరెన్షియల్ ఆయిలు కొద్దిగా దించి చూడు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, ఆ రోజే మార్పించు.

ఇన్ని చెప్పినా లిఫ్టు ఆశ చావకపోతే, అర్థం చేసుకోగలను. లేపిన థార్ అందంగా ఉంటుంది, కాదనను. ఈ వానాకాలం మొత్తం కొత్త టైర్లతో, గీకించిన బాటలో తిరుగు. అప్పటికీ సున్నం ఛాసిస్ దగ్గరే గీరుతుంటే, స్ప్రింగులూ షాకప్‌లూ జతగా, నీ మోడల్‌కే చేసిన కిట్టు గురించి మాట్లాడుకుందాం, అదీ ఇంచున్నర దాటకుండా. స్ప్రింగు పైన దిమ్మలు పెట్టి లేపుతామన్నవాడి దగ్గర టీ తాగి వచ్చెయ్.

సున్నం పూసి నడిపిన బండి అడుగు ఫోటోలు పంపు. డిఫరెన్షియల్ దగ్గరిది మొదట పంపు.